మంటలు ఆర్పే కెమికల్‌కి మన దేశంలో పేటెంట్ వస్తుందా? వస్తే దేనికి వస్తుంది?

మీ పోస్ట్‌లో అడిగిన ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు ఎంఎస్సీ ఆర్గానిక్ చదివి జీడిమెట్లలో ఫైర్ సిలిండర్ల రీఫిల్లింగ్ యూనిట్ నడుపుతున్నారు. హోటల్ కిచెన్‌లో బాణలిలో నూనె అంటుకుంటే ఆర్పే లిక్విడ్ ఒకటి సొంతంగా తయారు చేశారు. అందులో రెండు పొటాషియం లవణాలు అందరికీ తెలిసినవే, మూడోది మాత్రం మీరే సింథసైజ్ చేసిన కొత్త లవణం, ఎక్కడ వెతికినా కనిపించలేదంటున్నారు. ఎవరో పెద్దాయన "ఇండియాలో కెమికల్స్‌కి పేటెంట్ ఇవ్వరు, తయారీ పద్ధతికే ఇస్తారు" అన్నారు. అది నిజమా, మిక్స్చర్‌కి వస్తుందా, ఇప్పటికే ఒక హోటల్లో డెమో చూపించి వీడియో వాట్సాప్‌లో పెట్టాం కదా, దాంతో పోయిందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. వస్తుంది. నిజంగా కొత్త కాంపౌండ్ అయితే కాంపౌండ్‌కే వస్తుంది. తెలిసిన పదార్థాలు కలిపిన మిక్స్చర్ అయితే, అవి కలిసినప్పుడు విడివిడిగా చేయలేనిది ఏదో చేస్తున్నాయని మీ దగ్గర టెస్ట్ రిజల్ట్స్ ఉంటే వస్తుంది. తెలిసిన కాంపౌండ్ తీసుకుని "ఇది మంట కూడా ఆర్పుతుందని నేను కనిపెట్టాను" అంటే మాత్రం మన దేశంలో రాదు, అమెరికాలో రావచ్చు. డెమో వల్ల కొంత రిస్క్ ఉంది, కానీ మీరు చెప్పినదాన్ని బట్టి అంతా పోలేదు. ఈ రోజు నుంచి మాత్రం ఎవరికీ చూపించకండి, శాంపిల్ అసలు ఇవ్వకండి.

నేను ఆరేళ్లు ల్యాబ్‌లో పనిచేసి తర్వాత పేటెంట్ ఏజెంట్‌నయ్యాను, కెమికల్ ఫైళ్లే చూస్తూ పద్దెనిమిదేళ్లయింది. మంటలార్పే పౌడర్లు, ఫోమ్‌లు, లిక్విడ్‌ల మీద వచ్చిన ఫైళ్లు మందుల ఫైళ్లతో పోలిస్తే తక్కువే గానీ, వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఒకే చోట దెబ్బతిన్నాయి. కెమిస్ట్రీ దగ్గర కాదు, మంట టెస్ట్‌ల దగ్గర. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ పెద్దాయన మాట పూర్తిగా తప్పని కూడా అనలేను, అది పాత మాట. 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 5 అని ఒకటి ఉండేది. దాని ప్రకారం ఆహారం, మందులు, కెమికల్ ప్రాసెస్‌తో తయారయ్యే పదార్థాలు, వీటికి ప్రాసెస్ పేటెంటే తప్ప ప్రొడక్ట్ పేటెంట్ లేదు. 2005 జనవరి 1 నుంచి ఆ సెక్షన్ తీసేశారు. అంతకు ముందు పని నేర్చుకున్న చాలామందికి ఆ రూల్ బుర్రలో అలాగే ఉండిపోయింది. దాని స్థానంలో మనం ఇప్పుడు ఎదుర్కోవాల్సినవి సెక్షన్ 3(డి), 3(ఇ). మీ ఫైలు బతికినా చచ్చినా ఈ రెండింటి దగ్గరే.

3(డి) ఏం చెప్తుందంటే, తెలిసిన పదార్థానికి కొత్త గుణం కనిపెట్టినా, కొత్త ఉపయోగం కనిపెట్టినా అది ఇన్వెన్షన్ కాదు. తెలిసిన పదార్థానికే కొత్త రూపం తెస్తే, ఆ రూపం వల్ల దాని పనితనం, అంటే ఎఫికసీ, పెరిగితేనే ఇస్తారు. సెక్షన్ కింద ఒక వివరణ కూడా ఉంది. లవణాలు, ఎస్టర్లు, ఐసోమర్లు, పార్టికల్ సైజు మార్చినవి, కాంబినేషన్లు, ఇవన్నీ మూల పదార్థమే అని లెక్కేస్తారు, ఎఫికసీ విషయంలో గుణాలు గణనీయంగా తేడా ఉంటే తప్ప. మీ మూడో పదార్థం లవణం. దాని యాసిడ్ గనక ఇంతకు ముందే తెలిసినదైతే, "లవణం కొత్తది సార్, ఎక్కడా లేదు" అంటే సరిపోదు. పేటెంట్ ఆఫీసులో ఫైలు పరిశీలించే ఎగ్జామినర్ మొదటి రిపోర్ట్‌లోనే ఈ అభ్యంతరం రాస్తాడు, నేను రాసి ఇవ్వగలను కావాలంటే.

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది, 3(డి) మందులకే కదా అని. గ్లివెక్ అనే క్యాన్సర్ మందు కేసు వల్ల ఆ పేరు పడింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ మందులోని అసలు పదార్థం ఇమాటినిబ్ మెసిలేట్ బీటా క్రిస్టల్ రూపానికి పేటెంట్ నిరాకరించింది, మందు విషయంలో ఎఫికసీ అంటే రోగాన్ని నయం చేసే శక్తేనని చెప్పింది. కానీ చట్టంలో "తెలిసిన పదార్థం" అనే ఉంది, మందు అని లేదు. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది, మనకి పనికొచ్చేది అదే. ఎఫికసీని ఆ ఉత్పత్తి ఏ పని కోసం ఉందో ఆ పనిని బట్టి చూడాలన్నారు. మీ లిక్విడ్ పని మంట ఆర్పడం. కాబట్టి ఎంత త్వరగా ఆర్పింది, ఎంత తక్కువ లిక్విడ్‌తో ఆర్పింది, ఆరాక మళ్లీ అంటుకుందా లేదా, ఇవే మీ ఎఫికసీ. నీళ్లలో బాగా కరుగుతుంది, నిల్వ ఉంటుంది, రంగు మారదు లాంటివి మంచి గుణాలే, సెక్షన్ 2(1)(జెఎ) కింద ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగం తెలిసినవాడికి కూడా సులువుగా తట్టని ముందడుగు, ఉందని వాదించేటప్పుడు వాడుకోవచ్చు, కానీ 3(డి)కి వాటినే నమ్ముకుంటే కష్టం.

ఒక ఫైలు గుర్తొస్తోంది. ఏబీసీ పౌడర్, అంటే మామూలు ఎర్ర సిలిండర్లలో ఉండే మంటలార్పే పొడి, తయారు చేసే చిన్న కంపెనీ, పేరు అనవసరం. ఆ పౌడర్‌లో అసలు సరుకు మోనో అమ్మోనియం ఫాస్ఫేట్, దశాబ్దాలుగా వాడుతున్నదే. వీళ్లు దాన్ని బాగా మెత్తగా గ్రైండ్ చేసి సిలికాన్ కోటింగ్ ఇచ్చారు. ఆయన సీసాలో తెచ్చి చూపిస్తే గోధుమపిండి కన్నా మెత్తగా ఉంది, సీసా వంచితే నీళ్లలా జారింది. "మెత్తగా చేశాం, మంట త్వరగా ఆరుతోంది" అన్నదే ఆయన ఇన్వెన్షన్. పార్టికల్ సైజు అన్న మాట చట్టం వివరణలోనే ఉందని చూపిస్తే ఆయన ముఖం వాడిపోయింది. తర్వాత టెస్ట్‌ల నోట్‌బుక్ తిప్పుతుంటే ఒక విషయం కనిపించింది. మొత్తం మెత్తగా ఉన్న బ్యాచ్ నిజానికి ఫెయిలైంది, నాజిల్ నుంచి బయటికి రాగానే పొగలా తేలిపోయి మంట మొదలుదాకా చేరలేదు. కొంత మెత్తటిది, కొంత ముతకది ఒక పాళ్లలో కలిపిన బ్యాచ్ మాత్రమే అద్భుతంగా పనిచేసింది, ఎందుకంటే ముతక రేణువులు మెత్తటివాటిని లాక్కుని మంటలోకి తీసుకెళ్తున్నాయి. ఆయన దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, కలిపినందువల్ల ఖర్చు తగ్గిందనే అనుకున్నారు. మేం క్లెయిమ్, అంటే పేటెంట్‌లో మన హక్కుకి హద్దు గీసే వాక్యం, మొత్తం ఆ పాళ్ల మీదికి మార్చి, ఒక్క మెత్తటిది, ఒక్క ముతకది, కలిపినవి, మూడు రకాల టెస్ట్‌లు పెట్టాం. హియరింగ్ అయ్యాక గ్రాంట్ అయింది. క్లెయిమ్ మొదట్లో అనుకున్నంత విశాలంగా లేదు, కానీ గట్టిగా నిలబడేది వచ్చింది.

3(ఇ) అంటే మిక్స్చర్ల సెక్షన్. పదార్థాలు కలిపితే వాటి గుణాలు కూడిక లెక్కలా పక్కపక్కన చేరడం తప్ప ఇంకేమీ జరగకపోతే అది ఇన్వెన్షన్ కాదు. మీ లిక్విడ్‌కి అసలు పరీక్ష ఇదే అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు అమ్మబోయేది మిక్స్చరే.

వంటనూనె మంట సంగతి మీకు చెప్పక్కర్లేదు గానీ చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నా. నూనె బాగా కాగి దానంతట అదే అంటుకునేసరికి 350 డిగ్రీల చుట్టూ ఉంటుంది. మంటని ఒక్క క్షణం ఆర్పడం కష్టం కాదు, నూనె ఇంకా అంత వేడిగానే ఉంటుంది కాబట్టి గాలి తగలగానే మళ్లీ అంటుకుంటుంది. పొటాషియం అసిటేట్ లాంటి క్షార లవణాల ద్రావణం చల్లితే వేడి నూనెతో కలిసి పైన సబ్బు అవుతుంది, సబ్బు నురగ మూతలా పరుచుకుని గాలిని ఆపుతుంది, నీరు ఆవిరై వేడి లాగుతుంది. ఇది కొత్త సంగతి కాదు, వంటనూనె మంటల కోసం చేసే కె క్లాస్ సిలిండర్లన్నీ దీని మీదే నడుస్తున్నాయి. కాబట్టి మీరు "నా మొదటి లవణం సబ్బు చేస్తుంది, రెండోది గడ్డకట్టకుండా చూస్తుంది, మూడోది నురగ పెంచుతుంది" అని స్పెసిఫికేషన్‌లో, అంటే ఇన్వెన్షన్‌ని వివరిస్తూ ఫైల్ చేసే కాగితాల్లో, రాశారనుకోండి, 3(ఇ) అభ్యంతరాన్ని మీ చేత్తో మీరే రాసినట్టు. ఎవరి పని వాళ్లు చేస్తున్నారని మీరే ఒప్పుకున్నారు కదా. దాని బదులు, మూడూ కలిసినప్పుడు నురగ మూత ఎంతసేపు పగలకుండా నిలబడింది, ఏ ఒక్కటీ, ఏ రెండూ కలిసినా అంతసేపు ఎందుకు నిలవలేదు అన్నది చూపించాలి.

దీనికి చేయాల్సిన పని కష్టమైంది కాదు, ఓపిక కావాలి అంతే. ఒకే బాణలి, ఒకే కొలత నూనె, ఒకే బ్రాండ్ నూనె, ఒకే ఉష్ణోగ్రత దగ్గర స్ప్రే మొదలు, ఒకే నాజిల్, ఒకే దూరం, ఒకే పరిమాణం లిక్విడ్. ఒక్కొక్క లవణం విడిగా, రెండేసి చొప్పున మూడు జతలు, చివరికి మూడూ కలిపి. మొత్తం ఏడు రకాలు. ఒక్కోటి కనీసం మూడుసార్లు. మొత్తం లవణం శాతం అన్నిటిలో సమానంగా ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు. విడిగా ఒక లవణం 15 శాతం పెట్టి, కలిపినదాంట్లో మూడూ చెరి 15 శాతం పెట్టి 45 శాతంతో గెలిచాం అంటే అది సినర్జీ (కలిసినందువల్ల వచ్చే అదనపు పనితనం) కాదు, ఎక్కువ లవణం పోశారు అంతే. ఆరిన టైమ్, మళ్లీ అంటుకున్న టైమ్, నూనె ఉష్ణోగ్రత ఎంతకి పడిపోయింది, ఇవి పక్కపక్కన రాయండి. ఫెయిలైన రన్‌లు కొట్టేయకండి. నా అనుభవంలో ఎగ్జామినర్‌ని ఒప్పించేవి ఆ ఫెయిలైన వరసలే. విడిగా ఆర్పలేకపోయింది, జతగా ఆర్పలేకపోయింది, మూడూ కలిస్తే ఆరింది అని కళ్లెదుట కనిపిస్తే ఇంక వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఇవన్నీ ఆరుబయట, పక్కన మనుషులు, మంచి సిలిండర్లు పెట్టుకునే చేయండి. టెస్ట్ చేస్తూ మోచేతి దాకా కాల్చుకున్న మనిషిని చూశాను నేను.

ఈ టేబుల్ ఫైల్ చేసేటప్పుడే స్పెసిఫికేషన్‌లో ఉండాలి. తర్వాత చేద్దాంలే అనుకుంటారు. మన చట్టంలో సెక్షన్ 59 ప్రకారం ఫైల్ చేశాక స్పెసిఫికేషన్‌లో కొత్త విషయం చేర్చనివ్వరు. హియరింగ్‌లో అఫిడవిట్‌గా అదనపు డేటా పెట్టొచ్చు, కొన్నిసార్లు తీసుకుంటారు, కానీ స్పెసిఫికేషన్‌లో సినర్జీ ఊసే లేకుండా తర్వాత తెచ్చిన డేటా మీద అనుమానం ఉంటుంది, అది సహజం. ఫోమ్ మీద వచ్చిన ఒక ఫైలు నాకు ఇలాగే పోయింది. మంచి కెమిస్ట్, మంచి ఫార్ములా, ఆరు పదార్థాలు, ఫైల్ చేసిన కాగితాల్లో ఒక్కటంటే ఒక్క పోలిక లేదు. "ఆశ్చర్యకరంగా మంచి ఫలితాలు వచ్చాయి" అని ఒక వాక్యం మాత్రం ఉంది. వేరే ఏజెంట్ దగ్గర ఫైల్ చేసి రిపోర్ట్ వచ్చాక నా దగ్గరికి వచ్చారు. అప్పటికి నేను చేయగలిగింది చాలా తక్కువ. ఆ ఫోమ్ నిజంగా పనిచేసేది, ఇప్పటికీ ఆ ఫైలు తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

ఇంక "కొత్త కాంపౌండ్" అనే మాట గురించి. ఈ రంగంలో నిజంగా కొత్త మాలిక్యూల్ దొరకడం చాలా అరుదు. కారణం చరిత్రలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం పర్డ్యూ పరిశోధన సంస్థకి పని అప్పగిస్తే వాళ్లు అరవైకి పైగా పదార్థాలు మంట మీద పరీక్షించారు. హాలాన్ 1301, 1211 లాంటి మంటలార్పే గ్యాస్‌లు ఆ జాబితా నుంచే ముందుకొచ్చాయి. ఆ నంబర్‌లోనే ఫార్ములా ఉంటుంది, వరసగా కార్బన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్. 1301 అంటే ఒక కార్బన్, మూడు ఫ్లోరిన్లు, క్లోరిన్ లేదు, ఒక బ్రోమిన్. బ్రోమిన్ మంటని కొనసాగించే హైడ్రోజన్ రాడికల్స్‌ని (చురుకైన అణువు ముక్కల్ని) పట్టేసి ఆ చర్యల గొలుసు తెంపుతుంది కాబట్టే అంత తక్కువ గ్యాస్‌తో మంట చచ్చిపోయేది. తర్వాత ఓజోన్ పొరకి ఇదే బ్రోమిన్ ముప్పు అని తేలి, 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత సంపన్న దేశాల్లో 1994 నుంచి హాలాన్ల తయారీ ఆగిపోయింది. మన లాంటి దేశాలకి 2010 దాకా గడువిచ్చారు.

అప్పుడు కంపెనీలన్నీ ప్రత్యామ్నాయాల కోసం వెతికాయి, ఎక్కడ వెతికాయంటే అప్పటికే తెలిసిన రిఫ్రిజిరెంట్లు, సాల్వెంట్ల జాబితాల్లో. ఎఫ్‌ఎమ్-200 పేరుతో సర్వర్ రూముల్లో ఎర్ర సిలిండర్లలో కనిపించే గ్యాస్ హెప్టాఫ్లోరోప్రొపేన్. గ్రేట్ లేక్స్ కెమికల్ కంపెనీకి 1992లో అమెరికాలో వచ్చిన పేటెంట్ చూడండి, అందులో క్లెయిమ్ ఆ గ్యాస్ మీద కాదు, దాన్ని ఫలానా గాఢతలో మంట దగ్గరికి పంపి మంట ఆర్పే పద్ధతి మీద. తర్వాత 3ఎం కంపెనీ నోవెక్ 1230 తెచ్చింది, అదొక ఫ్లోరినేటెడ్ కీటోన్, మామూలుగా ద్రవం, 49 డిగ్రీలకి మరుగుతుంది, చూడటానికి నీళ్లలా ఉంటుంది గానీ అందులో ముంచిన కాగితం తడవనట్టే ఆరిపోతుంది. 2002లో వచ్చిన దాని అమెరికా పేటెంట్ శీర్షికే "మంటలార్పే మిశ్రమాల్లో ఫ్లోరినేటెడ్ కీటోన్ల ఉపయోగం" అన్న అర్థంలో ఉంటుంది. ఉపయోగం అన్న మాట గమనించండి. ఆ పేటెంట్ 2020 జులైలో ముగిసింది, ఆ తర్వాత అదే కీటోన్‌ని వేరే పేర్లతో వేరే కంపెనీలు అమ్ముతున్నాయి. ఫోమ్‌ల సంగతీ అంతే, 1966లో అమెరికా నౌకాదళ పరిశోధన ప్రయోగశాలకి చెందిన ట్యూవ్, జబ్లొన్‌స్కీలకి వచ్చిన పేటెంట్ కూడా మండే ఇంధనాన్ని ఆర్పే పద్ధతి మీదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అమెరికా పేటెంట్ చూసి "వాళ్లకి ఇచ్చారు కదా, నాకెందుకు ఇవ్వరు" అని అడిగేవాళ్లు నాకు ఏడాదికి ఒక్కరైనా తగులుతారు. అమెరికా చట్టంలో తెలిసిన పదార్థానికి కొత్త ఉపయోగం కూడా ప్రాసెస్ కిందికి వస్తుంది. యూరప్‌లో 1989లో మోబిల్ కేసులో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు పెద్ద అప్పీల్ బోర్డు, కందెన నూనెలో వాడే ఒక పాత పదార్థానికి కొత్త ప్రయోజనం మీద క్లెయిమ్ ఒప్పుకుంది. మన దగ్గర 3(డి) ఆ తలుపు మూసేసింది. తెలిసిన కీటోన్ తెచ్చి "మంట ఆర్పే పద్ధతి" అని క్లెయిమ్ మార్చి రాసినా ఎగ్జామినర్ దాన్ని ఉపయోగం కిందే చూస్తాడు. మీ మిక్స్చర్ కొత్తది, నిలబడేది అయితే దాంతో మంట ఆర్పే పద్ధతి మీద కూడా ఒక క్లెయిమ్ పెట్టుకోవచ్చు, అది వేరు. కానీ ఒక్క పద్ధతి క్లెయిమ్ మీదే ఆధారపడితే రేపు ఎవరి మీద కేసు వేస్తారు? ఆ పద్ధతి వాడేది మంట ఆర్పుతున్న హోటల్ కుర్రాడు. లిక్విడ్ అమ్మినవాడిని పట్టుకోవాలంటే మిక్స్చర్ మీద క్లెయిమ్ ఉండాలి.

మీ మూడో లవణం విషయంలో "ఎక్కడా కనిపించలేదు" అన్నారు. ఎలా వెతికారో చెప్పలేదు. గూగుల్‌లో పేరు కొట్టి చూస్తే అది వెతకడం కాదు. నిర్మాణం గీసి వెతకాలి, యాసిడ్ రూపం, ఇతర లవణాలు, సోడియం లవణం, హైడ్రేట్ అన్నీ చూడాలి, సీఏఎస్ నంబర్ (తెలిసిన ప్రతి రసాయనానికీ ఇచ్చే గుర్తింపు నంబర్) ఉందేమో చూడాలి. పేటెంట్లలో అయితే ఏ62డి 1/00 అనే క్లాస్ మొత్తం తిరగేయండి, మంటలార్పే మిశ్రమాలు, మంటలార్పడంలో రసాయనాల వాడకం అంతా అందులోనే ఉంటుంది. మంట అంటుకోకుండా పూసేవి సీ09కే 21/00లో ఉంటాయి, సిలిండర్లు, నాజిల్స్ ఏ62సీలో. మన దేశానివి ఇన్‌పాస్ వెబ్‌సైట్‌లో, బయటివి ఎస్పేస్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చైనా పేటెంట్లు వదలొద్దు, పొటాషియం లవణాల మీద వాళ్లవి కుప్పలు, మెషీన్ అనువాదంతో చదివితే చాలు. ఇంకొకటి, మీ లవణం వేరే రంగంలో, ఎరువుగానో మందు తయారీలో మధ్యలో వచ్చే పదార్థంగానో ఎక్కడైనా ఉందంటే కాంపౌండ్ క్లెయిమ్ పోయినట్టే. దాన్ని ఎవరూ మంట మీద వాడలేదన్నది అప్పుడు మీకు కలిసిరాదు. మిక్స్చర్ క్లెయిమ్ మాత్రం మిగులుతుంది, అందుకే ఏడు రకాల టెస్ట్ గురించి అంత పట్టుపడుతున్నాను.

డెమో సంగతికి వస్తాను. కొత్తదనం చూసేది ఫైల్ చేసిన తేదీ నాటికి. వీడియోలో మంట ఆరడం కనిపిస్తుంది, లోపల ఏముందో కనిపించదు. పదార్థాల పేర్లు, పాళ్లు చెప్పకపోతే ఆ వీడియో ఒక్కటే మీ ఫార్ములాని బయటపెట్టినట్టు కాదు. సెక్షన్ 32లో ఒక వెసులుబాటు కూడా ఉంది. ప్రయోగం బహిరంగంగా చేయక తప్పని స్వభావం గల ఇన్వెన్షన్ అయితే, ఫైల్ చేయడానికి ముందు ఏడాదిలోపు పరీక్ష కోసం మాత్రమే బహిరంగంగా వాడితే దాన్ని అడ్డుగా చూడరు. హోటల్ కిచెన్ ట్రయల్‌ని దాని కింద వాదించొచ్చు. దాన్ని నమ్ముకుని మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆ హోటల్‌కి డబ్బా ఇచ్చి వచ్చారా, బిల్లు రాశారా? అదే అసలు ప్రశ్న. అమ్మినట్టయితే అది ట్రయల్ కాదు, పైగా ఆ డబ్బాలోది ఏ ల్యాబ్‌కి పంపినా పొటాషియం ఎంతో, ఏ యాసిడ్లో రెండు రోజుల్లో చెప్పేస్తారు. ఇచ్చి ఉంటే వెళ్లి వెనక్కి తెచ్చుకోండి, ఎవరెవరికి తెలుసో తేదీలతో రాసి పెట్టుకోండి. ఎగ్జిబిషన్లలో చూపిస్తే ఏడాది గ్రేస్ ఉంటుందని కొందరు చెప్తారు, సెక్షన్ 31లో ఉన్నది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లకి మాత్రమే. ఊళ్లో జరిగే ఇండస్ట్రీ ఎక్స్‌పో అందులోకి రాదు. స్టాల్ పెట్టి పాంప్లెట్‌లో ఫార్ములా అచ్చేసి పంచిన ఒకాయన నా దగ్గరికి వచ్చారు, నేను ఫీజు కూడా తీసుకోకుండా పంపించేశాను.

మరి పేటెంట్ ఎందుకు, రహస్యంగా ఉంచుకుంటే పోదా అని కామెంట్స్‌లో ఒకరు అన్నారు. పౌడర్ కోటింగ్ ప్రాసెస్ అయితే ఆలోచించొచ్చు, బయటికి వచ్చిన పౌడర్ చూసి మిక్సర్‌లో ఏ ఉష్ణోగ్రతకి ఏం పోశారో చెప్పడం కష్టం. మీది నీళ్లలో కరిగిన లవణాలు, రహస్యం నిలవదు.

ఖర్చు, టైమ్ గురించి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉంటే ఫారం 28 పెట్టి చిన్న సంస్థగా ఫైల్ చేయండి. ఆన్‌లైన్‌లో ఫైలింగ్ ఫీజు 1,600 రూపాయలు, 30 పేజీలు, 10 క్లెయిమ్‌ల దాకా. ఎగ్జామినేషన్‌కి 4,000, తొందరగా కావాలంటే ఫారం 18ఏ కింద 8,000. ఏజెంట్ ఫీజు వేరు. తెలంగాణ, ఆంధ్ర రెండూ చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకే వస్తాయి గానీ వెళ్లక్కర్లేదు, ఫైలింగ్ ఆన్‌లైన్, హియరింగ్ వీడియోలో. ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక స్పెసిఫికేషన్, వేసి 12 నెలల్లోపు కంప్లీట్, అంటే పూర్తి స్పెసిఫికేషన్, వేయొచ్చు. అయితే ప్రొవిజనల్ అంటే ఒక పేజీ కాగితం వేసి తేదీ కొట్టేయడం అనుకుంటారు, అందులో లేని పదార్థాన్ని కంప్లీట్‌లో చేరిస్తే దానికి ఆ రెండో తేదీయే లెక్క. మూడు లవణాలు, వాటి పాళ్ల హద్దులు, మూడోది తయారు చేసే విధానం, ఇప్పటిదాకా ఉన్న రిజల్ట్స్ అన్నీ ప్రొవిజనల్‌లోనే ఉండాలి. విదేశాల్లో వేయాలన్న ఆలోచన ఉంటే ముందు ఇక్కడ ఫైల్ చేసి ఆరు వారాలు ఆగండి, లేదా సెక్షన్ 39 కింద అనుమతి తీసుకోండి, లేకపోతే ఇక్కడి పేటెంట్‌కే ఎసరొస్తుంది.

స్పెసిఫికేషన్ రాసేటప్పుడు సర్ఫాక్టెంట్ (నురగ తెప్పించే సబ్బులాంటి పదార్థం) లాంటివి బ్రాండ్ పేరుతో మాత్రమే రాయొద్దు. రేపు ఆ కంపెనీ ఫార్ములా మారిస్తే మీ ఉదాహరణని ఎవరూ మళ్లీ చేయలేరు, చదివినవాడు చేసుకోగలిగేలా వివరించాలన్న సెక్షన్ 10 షరతు దెబ్బతింటుంది. మీకు తెలిసిన అతి మంచి పాళ్లు కూడా దాచకుండా రాయాలి, అది కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది.

పేటెంట్ వచ్చినంత మాత్రాన అమ్మడానికి అనుమతి వచ్చినట్టు కాదు. ఇది మీకు తెలిసే ఉంటుంది, పోర్టబుల్ సిలిండర్లకి ఐఎస్ (భారతీయ ప్రమాణం) 15683 ఉంది, ఏబీసీ పౌడర్‌కి ఐఎస్ 14609, ఫోమ్‌కి ఐఎస్ 4989 ఉన్నాయి. మీ కొత్త లిక్విడ్ ఆ టెస్ట్‌లు పాసవడం వేరే యుద్ధం. నా సలహా ఏంటంటే మీ ఏడు రకాల టెస్ట్‌ని వీలైనంతవరకు ఐఎస్ పద్ధతికి దగ్గరగా చేయండి, ఒకే కష్టంతో రెండు పనులూ అవుతాయి.

ఇంకొక మాట, మీరు పోస్ట్ చివర్లో "తర్వాత ఫ్లోరినేటెడ్ సర్ఫాక్టెంట్ కలిపి పెట్రోల్ మంటలకి కూడా వెర్షన్ తెద్దామనుకుంటున్నాను" అన్నారు. చట్టం అడ్డుకాదు, పేటెంట్ రావచ్చు కూడా. కానీ పేటెంట్ బతికేది ఫైల్ చేసిన నాటి నుంచి 20 ఏళ్లు. ఆ ఫ్లోరిన్ పదార్థాలు భూగర్భ జలాల్లోకి చేరి పోనే పోవడం లేదని ప్రపంచమంతా వాటిని వదిలించుకుంటోంది, నోవెక్ తెచ్చిన 3ఎం కంపెనీయే 2025 చివరికల్లా ఆ ఫ్లోరిన్ పదార్థాల కుటుంబం మొత్తం తయారీ ఆపేస్తామని 2022 డిసెంబరులో ప్రకటించింది. హెప్టాఫ్లోరోప్రొపేన్ మాంట్రియల్ ఒప్పందానికి తర్వాత చేసిన కిగాలీ సవరణ జాబితాలో ఉంది, మన దేశం దాన్ని 2021లో ఆమోదించింది, 2032 నుంచి దశలవారీగా తగ్గించాలి. ఆ సర్ఫాక్టెంట్ మీద పెట్టే రెండేళ్లు ఫ్లోరిన్ లేని ఫోమ్ మీద పెట్టమనే చెప్తాను. అక్కడ ఇంకా బోలెడు ఖాళీ ఉంది, మీలాంటి చిన్న యూనిట్లు చేయగలిగిన పని ఉంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది వరసగా: డబ్బా ఎక్కడుందో చూసుకోండి, నిర్మాణం గీసి వెతికించండి, ఏడు రకాల టెస్ట్ మొదలుపెట్టండి, మొదటి రౌండ్ రిజల్ట్స్ రాగానే ప్రొవిజనల్ వేయండి, మిగతా రౌండ్లు ఆ 12 నెలల్లో చేసుకోవచ్చు. మీ పోస్ట్‌లో మూడో లవణం పేరు సగం రాసి ఉంది, కెమిస్ట్రీ తెలిసినవాడికి మిగతా సగం ఊహించడం కష్టం కాదు. ఇది చదవగానే ముందు ఆ లైన్ తీసేయండి. మీరు తీసేశాక నాకు చెప్తే, కామెంట్స్‌లో ఎవరైనా ఆ పేరుని మళ్లీ కోట్ చేశారేమో నేను కూడా చూస్తాను.